కిడ్నీ ఒట్టి జల్లెడ కాదు

1940లలో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ పరిశోధకులు చిట్టెలుకలకు క్లోరోఫారం పట్టించి చూస్తున్నారు. అది కాలేయంలో కంతులు పుట్టిస్తుందా అన్నది వాళ్ల ప్రశ్న. తీరా చూస్తే కిడ్నీలో ఒక వింత బయటపడింది. జాతి అదే, మోతాదూ అదే. అయినా మగ చిట్టెలుకల కిడ్నీ నాళికల్లో కణాలు చచ్చిపోయాయి, ఆడవాటి నాళికలకు ఏమీ కాలేదు. ఎషెన్‌బ్రెన్నర్, మిల్లర్ 1945లో ఈ సంగతి ప్రచురించారు. 1953లో అదే సంస్థలో మరో బృందం సి3హెచ్ జాతి చిట్టెలుకల మీద క్లోరోఫారం ఆవిరితో ప్రయోగం చేసింది. అక్కడా మగవి చచ్చాయి, ఆడవి బతికాయి. 1957లో కల్లిఫర్డ్, హ్యూయిట్ అసలు చిక్కుముడి విప్పారు. వృషణాలు తీసేసిన మగవాటి కిడ్నీలు ఈ విషాన్ని తట్టుకున్నాయి. ఆడవాటికి టెస్టోస్టెరాన్ ఇస్తే వాటికీ మగవాటి గతే పట్టింది. అంటే విషాన్నీ మోతాదునూ కదపకుండా, రక్తంలో ఒక్క హార్మోనును మారిస్తే చాలు, ఫలితం తలకిందులవుతోంది.

కారణం తర్వాత తెలిసింది. క్లోరోఫారం కణాన్ని నేరుగా చంపదు. కణంలోని సిప్2ఇ1 అనే ఎంజైము దాన్ని ఫాస్జీన్‌గా మారుస్తుంది. చంపేది ఆ ఫాస్జీన్. మగ చిట్టెలుక కిడ్నీలో టెస్టోస్టెరాన్ పుణ్యమా అని ఈ ఎంజైము దండిగా ఉంటుంది, ఆడదాని కిడ్నీలో తక్కువ. తన విషాన్ని తానే వండుకోగల శక్తి ఎక్కువ కావడమే మగ కిడ్నీకి చేటైంది. ఇక్కడ గుర్తుంచుకోవలసింది ఒకటుంది. సిప్2ఇ1 క్లోరోఫారం కోసం పుట్టిన ఎంజైము కాదు. మద్యంలోని ఆల్కహాల్‌ను విడగొట్టే ఎంజైముల్లో అదొకటి.

కిడ్నీ అనగానే రక్తాన్ని వడపోసే జల్లెడ అనుకుంటాం. అది నిజమే, కాకపోతే సగం నిజం. రెండు కిడ్నీలూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి. లీటరున్నర, రెండు లీటర్లు పోను మిగతాదంతా తిరిగి రక్తంలో కలిపేస్తాయి. జల్లెడకు కన్నాలుంటే చాలు. కిడ్నీ నాళిక కణానికి అలా కాదు. రక్తంలో ఏ హార్మోను ఎంతుందో అది కనిపెడుతూ ఉండాలి, దాన్నిబట్టి ఏ ఎంజైమును పెంచాలో, దేన్ని తగ్గించాలో తేల్చుకోవాలి. ఈస్ట్రోజెన్ అలాంటి హార్మోను. మద్యం హార్మోను కాదు, అయినా కణం దానికీ స్పందిస్తుంది. ఈ రెండూ కిడ్నీలోని ఎంజైముల్ని ఎటు నడిపిస్తాయన్నదే ఈ అధ్యాయంలో విషయం.

ఎంజైము పెరగడానికి మూడు దారులు

శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ జన్యువులు ఒకటే. కంటి కణంలోనూ కిడ్నీ కణంలోనూ అదే పుస్తకం ఉంటుంది. ఏ పేజీ తెరుస్తుందన్నదే తేడా. జన్యువు నుంచి ఎంజైము తయారయ్యే దారిలో మూడు చోట్ల హెచ్చుతగ్గులకు వీలుంది.

మొదటిది, జన్యువు నుంచి ఎంఆర్‌ఎన్‌ఏ ప్రతులు తీయడం. ఈస్ట్రోజెన్, టెస్టోస్టెరాన్ వంటి స్టెరాయిడ్ హార్మోన్లు కణంలోకి దూరి, తమకోసమే ఉన్న గ్రాహక ప్రోటీనును పట్టుకుంటాయి. ఆ జంట డీఎన్‌ఏ మీద వాలి, ఫలానా జన్యువు ప్రతులు పెంచమనో తగ్గించమనో చెబుతుంది. రెండోది, తీసిన ఎంఆర్‌ఎన్‌ఏ ఎంతసేపు బతుకుతుందన్నది. ప్రతులు తీసే వేగం మారకపోయినా, ఒక్కో ప్రతి ఎక్కువసేపు నిలిస్తే దాన్నుంచి ఎక్కువ ప్రోటీను వస్తుంది. మూడోది, తయారైన ప్రోటీను ఎంతకాలం ఉంటుందన్నది. కణం తన ప్రోటీన్లను ఎప్పటికప్పుడు ముక్కలు చేస్తూనే ఉంటుంది. ఆ పని నెమ్మదిస్తే ఎంజైము పేరుకుంటుంది.

మద్యం సిప్2ఇ1ను పెంచేది ఎక్కువగా ఈ మూడో దారిలోనే. ఆల్కహాల్ అణువు ఎంజైములో కూర్చుని ఉన్నంతసేపూ కణం దాన్ని విరిచెయ్యలేదు. 1968లో న్యూయార్క్ బ్రాంక్స్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రిలో చార్లెస్ లీబర్, లియోనోర్ డికార్లీ కాలేయ కణాల్లో ఆల్కహాల్‌ను విడగొట్టే రెండో మార్గం ఒకటుందని చూపించారు. అందులో ముఖ్యపాత్ర ఈ ఎంజైముదేనని తర్వాత తేలింది. రోజూ తాగేవాళ్లకు తాగింది త్వరగా దిగిపోవడంలో దీనికీ వాటా ఉంది. కాకపోతే సిప్2ఇ1 పని చేసినప్పుడల్లా చురుకైన ఆక్సిజన్ అణువులు కొన్ని జారిపోతాయి. అవి దొరికిన ప్రోటీనునూ కొవ్వునూ దెబ్బతీస్తాయి. ఎంజైము పెరిగితే ఆ దెబ్బా పెరుగుతుంది.

చిట్టెలుకది ఒక దారి, ఎలుకది ఇంకో దారి

తాగిన మద్యంలో నూటికి 90 పాళ్లకు పైగా శరీరంలోనే, ముఖ్యంగా కాలేయంలో, విడిపోతుంది. కొద్దిపాటి మాత్రమే మూత్రంలో, ఊపిరిలో, చెమటలో యథాతథంగా బయటికి పోతుంది. ఈ విడగొట్టే పనిలో మొదటి చెయ్యి ఆల్కహాల్ డీహైడ్రోజనేజ్ అనే ఎంజైముది. అది ఆల్కహాల్‌ను ఎసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. కాలేయమంత కాకపోయినా కిడ్నీలోనూ ఈ ఎంజైము ఉంది.

1970లో కాలిఫోర్నియాలోని సిటీ ఆఫ్ హోప్ వైద్యకేంద్రంలో సుసుము ఓనో బృందం చిట్టెలుకలకు టెస్టోస్టెరాన్ ఇస్తే కిడ్నీలో ఈ ఎంజైము చురుకుదనం పెరుగుతుందని చూపించింది. అదే ఏడాది ఓనో, బ్రిటన్ జన్యుశాస్త్రవేత్త మేరీ లయన్ కలిసి మరో సంగతి బయటపెట్టారు. ఒక రకం చిట్టెలుకల్లో ఎక్స్ క్రోమోజోము మీది లోపం వల్ల మగవి కూడా పైకి ఆడవాటిలా పెరుగుతాయి. వాటికి ఎంత టెస్టోస్టెరాన్ ఇచ్చినా కిడ్నీ ఎంజైము పెరగలేదు. ఆ లోపం టెస్టోస్టెరాన్ గ్రాహకంలోదే. రక్తంలో హార్మోను ఎంతున్నా, పట్టుకునే గ్రాహకం లేకపోతే కణానికి అది లేనట్టే.

ఇరవయ్యేళ్ల తర్వాత ఇండియానా విశ్వవిద్యాలయంలో డేవిడ్ క్రాబ్ బృందం అదే ప్రశ్నను ఎలుకల దగ్గర అడిగింది. జవాబు వేరేగా వచ్చింది. ఆడ ఎలుకల కిడ్నీలో ఈ ఎంజైమునూ దాని ఎంఆర్‌ఎన్‌ఏనూ పెంచింది ఎస్ట్రాడయాల్, అంటే శరీరంలోని ఈస్ట్రోజెన్లలో ముఖ్యమైనది. ఇది 1991 నాటి మాట. మరుసటి ఏడాది మగ ఎలుకల కిడ్నీ లోపలి భాగాన్ని చూశారు. అక్కడా ఎస్ట్రాడయాల్ ఎంఆర్‌ఎన్‌ఏను పెంచింది, కాని జన్యువు ప్రతులు తీసే వేగం పెంచి కాదు. ప్రతి తీసిన తర్వాతి దశలో ఏదో మార్చి. అంటే మొదటి దారి కాదు, రెండో దారి.

చిట్టెలుక, ఎలుక దగ్గరి చుట్టాలు. ఎంజైము ఒకటే, అవయవం ఒకటే. అయినా ఒకదానిలో మగ హార్మోను, ఇంకోదానిలో ఆడ హార్మోను దాన్ని పెంచుతున్నాయి. పరిణామక్రమంలో ఎంజైము పనితనం ఏమంత మారదు గాని, దాన్ని ఎప్పుడు, ఎవరి మాట విని చెయ్యాలన్న ఏర్పాటు మాత్రం తేలిగ్గా మారిపోతుంది. "జంతువుల్లో రుజువైంది" అన్న మాట విన్నప్పుడు ఏ జంతువని అడగక తప్పనిది ఇందుకే.

విటమిన్ డి చివరి మెట్టు

ఈస్ట్రోజెన్, మద్యం రెండూ ఒకేచోట ఎదురుపడేది విటమిన్ డి దగ్గర. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మంలో విటమిన్ డిని పుట్టిస్తాయి. కాలేయం దానికి ఒక హైడ్రాక్సిల్ గుంపు తగిలించి 25-హైడ్రాక్సీ విటమిన్ డిగా మారుస్తుంది. ల్యాబులో "విటమిన్ డి పరీక్ష" అంటే కొలిచేది దీన్నే. కాని పేగులు కాల్షియం పీల్చుకునేలా చేసేది ఇది కాదు. దీనికి ఇంకో హైడ్రాక్సిల్ గుంపు తగలాలి.

ఆ రెండో మెట్టు ఎక్కడ జరుగుతుందో 1970లో కేంబ్రిడ్జిలో డేవిడ్ ఫ్రేజర్, ఈగన్ కోడిచెక్ తేల్చారు. కిడ్నీలు తీసేసిన ఎలుకల్లో ఆ చివరి రూపం తయారు కాలేదు. కోడిపిల్లల కిడ్నీ గుజ్జుకు కాలేయపు రూపాన్ని కలిపితే తయారైంది. విసర్జక అవయవంగా పేరుపడ్డ కిడ్నీ ఒక హార్మోనును తయారుచేస్తుందని అప్పుడు ఖాయమైంది. ఆ చివరి రూపమే కాల్సిట్రయాల్. రక్తంలో అది కాలేయపు రూపంలో దాదాపు వెయ్యో వంతు మాత్రమే ఉంటుంది, కొన్ని గంటల్లోనే సగానికి సగం తరిగిపోతుంది. కాలేయపు రూపం రెండు మూడు వారాలు నిలుస్తుంది. అంత కొంచెంగా, అంత కొద్దిసేపు ఉండే పదార్థం మీద ఎముకల బాగోగులు ఆధారపడ్డాయి కాబట్టి దాని తయారీని జాగ్రత్తగా కాచుకోవాలి.

ఆ కాపలా రెండు ఎంజైములది. కాల్సిట్రయాల్‌ను తయారుచేసేది సిప్27బి1. దాన్ని విరిచి పనికిరాకుండా చేసేది సిప్24ఎ1. ఇది కాలేయపు రూపాన్ని కూడా పక్కదారి పట్టిస్తుంది. రెండూ కిడ్నీ నాళిక కణాల్లో, మైటోకాండ్రియాలోనే ఉంటాయి. రక్తంలో కాల్షియం తగ్గితే పారాథైరాయిడ్ హార్మోను పెరిగి, తయారీ ఎంజైమును పెంచి విరిచే ఎంజైమును తగ్గిస్తుంది. కాల్సిట్రయాల్ మరీ ఎక్కువైతే అదే తనను విరిచే ఎంజైమును పెంచుకుంటుంది.

ఈ రెండింటిలో ఏది పోయినా ఏమవుతుందో పుట్టుకతో వచ్చే జబ్బులు చూపిస్తాయి. తయారీ ఎంజైము జన్యువు చెడిన పిల్లలకు ఎండ తగిలినా, విటమిన్ డి మామూలు మోతాదులో ఇచ్చినా ఎముకలు వంకరపోతాయి. విరిచే ఎంజైము జన్యువు చెడిన పసిపిల్లలకు, మిగతా పిల్లలకు మేలుచేసే విటమిన్ డి చుక్కలే ముప్పు తెచ్చి రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరుగుతుంది. ఈ రెండో జబ్బుకు కారణం 2011లోగాని తెలియలేదు.

కౌజు పిట్ట గుడ్డు

ఈస్ట్రోజెన్ ఈ రెండు ఎంజైముల్ని కదుపుతుందని మొదట స్పష్టంగా చూపినవి పక్షులు. కోడి ఒక్క గుడ్డు పెంకుకు దాదాపు 2 గ్రాముల కాల్షియం కావాలి. ఆ పెంకు ఒక రోజు లోపే గట్టిపడాలి. పెట్ట తన ఎముకల్లోంచి కొంత తీసి ఇచ్చినా, తిండిలోంచి కాల్షియం దండిగా పీల్చుకోకపోతే గుడ్లు పెట్టడం సాగదు. కాబట్టి గుడ్డు సిద్ధం చేయించే హార్మోనే కాల్సిట్రయాల్ తయారీనీ పెంచుతుందేమోనని అనుమానం కలగడం సహజం.

1976లో విస్కాన్సిన్‌లో హెక్టర్ డిలూకా ప్రయోగశాల ఎదిగిన మగ కౌజు పిట్టలకు ఎస్ట్రాడయాల్ ఇచ్చి చూసింది. ఒక్క రోజులోనే కిడ్నీలో తయారీ ఎంజైము చురుకుదనం బాగా పెరిగింది, విరిచే ఎంజైము తగ్గింది. గుడ్డు పెట్టే యోగం ఎన్నటికీ లేని మగ పిట్ట కిడ్నీ కూడా ఆ హార్మోనుకు అలా స్పందించింది. వృషణాలు తీసేసిన కోడిపుంజుల్లో ఎస్ట్రాడయాల్ ఒక్కటే ఇచ్చినప్పటికంటే టెస్టోస్టెరాన్ కలిపి ఇచ్చినప్పుడు ప్రభావం ఎక్కువగా ఉంది. మగ హార్మోను, ఆడ హార్మోను అని మనం గీసిన గీత కిడ్నీ కణానికి పట్టలేదు. రెండూ కలిసినప్పుడే దానికి పూర్తి ఆదేశం అందింది.

ఆడవాళ్ల విషయంలో 1980లో గాలహర్, రిగ్స్, డిలూకా ఇలాంటి ఆధారమే చూపించారు. ముట్లుడిగి ఎముకలు గుల్లబారిన స్త్రీలకు ఈస్ట్రోజెన్ ఇస్తే పేగుల్లో కాల్షియం పీల్చుకోవడం మెరుగైంది, రక్తంలో కాల్సిట్రయాల్ పెరిగింది. ఐతే ఇక్కడొక మెలిక ఉంది. నోటి ద్వారా తీసుకున్న ఈస్ట్రోజెన్ కాలేయం చేత విటమిన్ డిని మోసుకెళ్లే ప్రోటీనును కూడా ఎక్కువగా తయారుచేయిస్తుంది. మోసే ప్రోటీను పెరిగితే దానికి అతుక్కున్న కాల్సిట్రయాల్ పెరుగుతుంది, మొత్తం కొలతా పెరుగుతుంది. కణంలోకి దూరి పనిచేసేది మాత్రం అతుక్కోకుండా మిగిలిన కొద్దిపాటి. అందువల్ల మొత్తం పెరిగిందని చూసి కిడ్నీ ఎక్కువ తయారుచేసిందని తేల్చెయ్యడానికి వీల్లేదు.

మద్యం విరిచే ఎంజైమును పెంచితే

ఎక్కువగా తాగేవాళ్ల ఎముకలు పలచబడతాయని వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. దానికి కారణాలూ చాలానే చెప్పవచ్చు. తాగేవాళ్లు సరిగా తినరు, కాలేయం చెడుతుంది, పేగులు పోషకాల్ని సరిగా పీల్చుకోవు, ఎముకను కట్టే కణాల మీద మద్యం నేరుగా దెబ్బ కొడుతుంది. వీటన్నిటినీ పక్కనపెట్టి కిడ్నీ పాత్రను మాత్రమే విడిగా చూడడం ఎలా?

అమెరికాలోని లిటిల్ రాక్‌లో అర్కాన్సా బాలల పోషకాహార కేంద్రం పరిశోధకులు దీనికో పద్ధతి ఎంచుకున్నారు. ఎలుకల కడుపులోకి గొట్టం పెట్టి, నేరుగా ద్రవాహారం పంపించారు. మద్యం కలిపిన ఆహారం అందుకున్నవాటికీ, కలపనివాటికీ కేలరీలు, కాల్షియం, విటమిన్లు సమానం. తిండి తేడా అన్న సందేహానికి అక్కడితో తెర పడింది. కార్తీక్ శంకర్, మార్టిన్ రోనిస్ తదితరులు 2008లో ప్రచురించిన ఈ పనిలో, మద్యం అందుకున్న ఎలుకల రక్తంలో కాల్సిట్రయాల్ తగ్గింది. కిడ్నీలో విరిచే ఎంజైము సిప్24ఎ1 పెరిగింది. అదే కిడ్నీలో ఆల్కహాల్‌ను విడగొట్టే ఎంజైములు, మనం మొదట్లో చూసిన సిప్2ఇ1తో సహా, పెరిగాయి.

ఇవి ఒకదానికొకటి ఎలా ముడిపడ్డాయో పరిశోధకులు కిడ్నీ కణాల్ని గాజు పాత్రల్లో పెంచి వెతికారు. వాళ్ల వివరణ ఇది: ఆల్కహాల్‌ను కణం అక్కడికక్కడే విడగొడుతుంది, ఆ పనిలో చురుకైన ఆక్సిజన్ అణువులు పుడతాయి, అవి కణం లోపలి ఇఆర్‌కె అనే సంకేతాల గొలుసును లేపుతాయి, ఆ గొలుసు చివర సిప్24ఎ1 జన్యువు ప్రతులు పెరుగుతాయి. మద్యానికి గ్రాహకం అక్కర్లేకపోయింది. కణం దాన్ని వదిలించుకునే ప్రయత్నంలో పుట్టిన కల్లోలమే జన్యువు దాకా పోయింది.

మరి ఈస్ట్రోజెన్? అదే కేంద్రంలో 2006 నాటి పనిలో, మద్యం అందుకున్న ఆడ ఎలుకల ఎముక నష్టాన్ని ఎస్ట్రాడయాల్ అడ్డుకుంది. దీన్ని కిడ్నీ ఖాతాలో వెయ్యాలని ఎవరికైనా అనిపిస్తుంది. కాని ఆ ప్రయోగంలో తేలిన మార్గం ఎముకలోనే ఉంది. మద్యం వల్ల ఎముకను కట్టే కణాలు ర్యాంక్ఎల్ అనే ప్రోటీనును ఎక్కువగా చేసి, ఎముకను తినేసే కణాల్ని పిలుస్తాయి; ఎస్ట్రాడయాల్ ఆ పిలుపును ఆపింది. 2012లో మరో ప్రయోగంలో ఆడ చిట్టెలుకలకు విటమిన్ డి ఎక్కువగా ఇస్తే మద్యం తెచ్చే ఎముక నష్టం తగ్గింది. అంటే విటమిన్ డి దారి కూడా నిజమైనదే. ఈస్ట్రోజెన్, మద్యం కిడ్నీలోనూ ఎముకలోనూ రెండుచోట్లా ఢీకొంటాయి. ఒకచోట దొరికిన జవాబు రెండో చోటికి సరిపోదు.

మనిషి దగ్గరికి వచ్చేసరికి

ఇప్పుడు అసలు చిక్కు. ఎలుక కిడ్నీలో మద్యం చేసే కల్లోలానికి సిప్2ఇ1 ఒక మూలం. మనిషి కాలేయంలో అది పుష్కలంగా ఉంది గాని, మనిషి కిడ్నీలో మాత్రం ఉందా లేదా అన్నంత తక్కువ. మగ చిట్టెలుకల్ని చంపిన ఎంజైము మన కిడ్నీలో దాదాపు లేదు. కాబట్టి లిటిల్ రాక్ ఎలుకల కథను తాగుబోతు కిడ్నీకి మాటకు మాట అంటగట్టకూడదు.

మనుషుల్లో గట్టి ఆధారమున్న దారి ఇంకొకటుంది. 1991లో హెల్సింకీలో కల్లే లైటినెన్ బృందం ఆరోగ్యవంతులకు మద్యం ఇచ్చి పలుమార్లు రక్తం పరీక్షించింది. మత్తులో పారాథైరాయిడ్ హార్మోను కొంతసేపు పడిపోయింది, మూత్రంలో కాల్షియం ఎక్కువగా పోయింది. తయారీ ఎంజైమును పెంచేది పారాథైరాయిడ్ హార్మోనే అని చూశాం. ఏళ్ల తరబడి తాగేవాళ్లలో మెగ్నీషియం తగ్గిపోవడం మామూలు. మెగ్నీషియం లేనిదే ఆ హార్మోను సరిగా విడుదల కాదు. మన విషయంలో మద్యం కిడ్నీ కణాన్ని నేరుగా కదిలించకపోయినా, దానికి అందవలసిన కబురును మధ్యలో నొక్కెయ్యగలదు.

ముట్లుడిగిన స్త్రీలలో ఈస్ట్రోజెన్ తగ్గినప్పుడు ఎముక మొదట పోగొట్టుకునేది, తనను తినేసే కణాల్ని అదుపులో పెట్టే కాపలానే. దానికి విటమిన్ డి కొరత తోడైతే నష్టం ఇంకా పెరుగుతుంది. ఆ కొరత ఎండ తక్కువైన దేశాలదే అనుకోనక్కర్లేదు. 2005లో తిరుపతి వైద్యులు ముట్లుడిగిన స్త్రీలను పరీక్షించి, ఎక్కువమందిలో కాలేయపు రూపం చాలినంత లేదని ప్రచురించారు. సరుకే అందకపోతే కిడ్నీ ఎంజైము ఎంత చురుగ్గా ఉన్నా ఏం చెయ్యగలదు?

ఇక్కడే మామూలు రక్తపరీక్షకు ఉన్న హద్దు కూడా తెలుస్తుంది. ల్యాబు రిపోర్టులోని విటమిన్ డి అంకె కిడ్నీకి ఎంత సరుకు అందుతోందో చెబుతుంది. కిడ్నీ దానితో ఏం చేస్తోందో చెప్పదు. తయారీ ఎంజైము మందగించినా, విరిచే ఎంజైము పెరిగినా ఆ అంకె బాగానే కనిపించవచ్చు. కిడ్నీ జబ్బు ముదిరిన రోగులకు వైద్యులు మామూలు విటమిన్ డితో సరిపెట్టకుండా, కిడ్నీ మెట్టు అక్కర్లేని రూపాన్ని రాయవలసి వచ్చేది ఇందుకే.

1945 నాటి చిట్టెలుకల పాఠం ప్రయోగశాలల నిబంధనల్లోకి ఎక్కడానికి చాలా కాలం పట్టింది. అప్పటిదాకా ఎన్నో ప్రయోగాలు మగ జంతువుల మీదే సాగాయి. ఆడవాటి హార్మోన్ల ఎగుడుదిగుళ్లు లెక్కల్ని పాడుచేస్తాయని సాకు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు తాము డబ్బిచ్చే ప్రయోగాల్లో లింగభేదాన్ని లెక్కలోకి తీసుకోవాలని అడగడం మొదలుపెట్టింది 2016లో. ఆ ఎగుడుదిగుళ్లు లెక్కను పాడుచేసే చెత్త కాదని, లెక్కలో సగం అవేనని కిడ్నీ అంతకు 70 ఏళ్ల ముందే చూపించింది.

కాబట్టి "మద్యం కిడ్నీలో ఫలానా ఎంజైమును పెంచుతుంది" అన్న వార్త ఎక్కడైనా కంటబడితే, నమ్మడానికీ కొట్టిపారేయడానికీ ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. ఏ జంతువులో? మగదా, ఆడదా? పెరిగింది ఎంఆర్‌ఎన్‌ఏనా, ప్రోటీనా, ఎంజైము పనా? ఆ ఎంజైము మనిషి కిడ్నీలో అసలుందా? ఈ నాలుగింటికీ జవాబు దొరికిన వార్త మాత్రమే మన గురించి ఏమైనా చెబుతుంది.